ఒంటికాలి కొంగ

గద్వాల సాలెవాడలో సాయన్న మగ్గం మీద కూచుంటే పోగుల మధ్య పరుగెత్తే నాడె కన్నా నాలుకే ఎక్కువ ఆడుతుందని వాడంతా అనుకునేవారు. అరవై దాటిన మనిషి. నేసిన చీరలు లెక్కపెట్టొచ్చు కానీ చెప్పిన కథలు లెక్కపెట్టలేం. ఆ కథల్లో సగానికి పైగా ఒక చాకు చుట్టూ తిరిగేవి.

అది మడత చాకు. బెత్తెడు పొడవు, పాలమీగడలాంటి తెల్లటి పిడి, కోసే అలుగు మొదట్లో రెండు కాళ్ల మీద నిలబడ్డ కొంగ బొమ్మ. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాని రోజులవి. దొరల దేశం నుంచి వచ్చే కొంగ మార్కు సీమచాకు జేబులో ఉన్నవాడు సంతలో రెండంగుళాలు ఎత్తుగా నడిచేవాడు. దాంతోపాటే దొంగ కొంగలూ ఊళ్లలోకి ఎగిరొచ్చాయి.

సాయన్న చాకు మాత్రం దొర ఇచ్చింది. అంటే, సాయన్న చెప్పిన ప్రకారం. పదేళ్ల కింద చీరలు తీసుకుని హైదరాబాదు పోయినప్పుడు ఒక దొరసాని ఆయన నేసిన చీర కట్టుకుని నిలువుటద్దం ముందు నిలబడిందట. ఆ అందానికి అద్దం నిలువునా పగిలిందట. చప్పుడు విని వచ్చిన దొర పగిలిన అద్దం వంక కూడా చూడకుండా తన జేబులోని చాకు తీసి సాయన్న చేతిలో పెట్టాడట.

"ఆ చాకుతోని కృష్ణల మొసలికి మీసాలు గీసిన," అనేవాడు.

"మొసలికి మీసాలెక్కడియి తాతా?"

"నేను గీసినంక యాడుంటయి?"

నవ్వేవాళ్లు నవ్వేవారు. మొసలిని ఎవరూ నమ్మలేదు కానీ దొరను మాత్రం అందరూ నమ్మారు. దానికి కారణం సాలెవాళ్ల పనిలోనే ఉంది. కొత్త అంచు నేయాలంటే సావుకారు జానెడు గుడ్డముక్క ఇస్తాడు. దాన్ని నమూనా అంటారు. అంచులో నేసే ప్రతి హంస బొమ్మనూ ఆ ముక్క పక్కన పెట్టి చూడాలి. ముక్కు ఒక పోగు తగ్గినా, కాలు ఒక పోగు పెరిగినా చీర వెనక్కి వస్తుంది. నేసింది తప్పా ఒప్పా అని నమూనాను అడుగుతారు. నమూనా తప్పా ఒప్పా అని ఎవరూ అడగరు.

అట్లాగే దొర చాకు ఊరికి నమూనా అయింది. ఎవరు చాకు కొనాలన్నా ముందు సాయన్న దగ్గరికి తెచ్చేవారు. ఆయన తన చాకు పక్కన దాన్ని పెట్టి, ఒక కన్ను మూసి, పట్టుపోగు చూసినట్టు చూసి, "తీసుకో," అనో, "పారేయ్," అనో తీర్పు చెప్పేవాడు. ఆయన మాట మీద పద్నాలుగు మంది చాకులు కొన్నారు. ఎంతమంది వద్దనుకున్నారో లెక్క లేదు.

ఒక సంతరోజు అలంపూర్ దిక్కు నుంచి దానియేలు అనే మనిషి వచ్చి గోనెసంచి పరిచి డజను చాకులు పెట్టుకుని కూచున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కేకలు వేయడం లేదు, రమ్మని చేతులు పట్టి లాగడం లేదు. చాకు చేతికిచ్చి, చూసుకోనిచ్చి, ఊరుకుంటున్నాడు. సంతలో అరవనివాడి మీద అనుమానం రావడం మామూలే. నలుగురు కలిసి సాయన్నను పిలుచుకొచ్చారు.

"ఏం పిలగా, యాడ తెచ్చినవు ఈ సరుకు?"

"కర్నూలుల కొన్న, పెద్దయ్యా. ఏరు దాటినంక కరోడ్‌గిరి నాకాల సుంకం కట్టిన. రసీదుంది." దానియేలు మడత పెట్టిన ఉర్దూ చీటీ తీశాడు. నిజాం రాజ్యంలోకి బయటి సరుకు తెస్తే సుంకం కట్టాలి. కట్టినట్టు ముద్ర ఉన్న కాగితం అది. చుట్టూ ఉన్నవాళ్లలో చదవగలిగినవాడు ఒక్కడూ లేడు.

"చీటీతోని కూరగాయలు తరుగుతమా?" అని సాయన్న తన చాకు తీసి గోనె మీద పెట్టాడు. జనం దగ్గరికి జరిగారు. ఆయనకు ఒళ్లంతా వెచ్చబడింది. వినేవాళ్లు పెరిగినకొద్దీ ఆయన మాటకు రెక్కలొచ్చేవి.

దానియేలు చాకు పిడి గోధుమరంగు, అక్కడక్కడ ముదురు చారలు. సాయన్నది ఒకే తెలుపు. దానియేలు చాకు మీద కొంగ చిన్నది, లోతుగా గుద్దింది. సాయన్న చాకు మీది కొంగ పెద్దది, మెరుస్తుంది. ఆయన కొంగల కాళ్లు లెక్కపెట్టాడు. అంచులో హంస కాళ్లు లెక్కపెట్టినట్టే.

"ఇంకో కాలేది?"

"కొంగ ఒంటికాలి మీదనే కదా నిలబడ్తది, పెద్దయ్యా."

"మా దొర కొంగకు రెండున్నయి. నీ కొంగ కాలు యాడ పోయింది? కోసుకొని వండుకున్నవా?"

సంత పగలబడి నవ్వింది. ఆ నవ్వు కొంగ గురించి కాదు. తిండి పేరుతో ఊరవతలి ఏ వాడవాళ్లను ఆ మాటతో పొడిచాడో అందరికీ తెలుసు, అందుకే నవ్వు అంత పెద్దదయింది. దానియేలు నవ్వలేదు. కోపగించుకోలేదు కూడా. చాకు ముడిచి, తెరిచి, మళ్లీ ముడిచాడు. ప్రతిసారీ టక్కుమని ఒకే చప్పుడు.

"ఒక సూది కాల్చి రెండు పిడులకు పెట్టి చూడు, పెద్దయ్యా. కొమ్ము పిడి అయితే ఎంటిక కాలిన వాసనొస్తది. నీ పట్టుపోగు లెక్కనే."

సాయన్న తన చాకును గోనె మీంచి తీసుకున్నాడు. పట్టు అసలుదా నకిలీదా అని ఆయన చిన్నప్పటి నుంచి పోగు కాల్చి వాసన చూసినవాడే. కానీ ఆ చాకును ఎన్నడూ పరీక్షించలేదు. ఎందుకంటే దొర లేడు. దొరసాని లేదు, అద్దం లేదు. కాచిగూడ స్టేషన్లో రైలు కదలబోతుండగా ఒకడు కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "సీమ సరుకు, దొర దగ్గర పనిచేసేవాణ్ని, సగం ధరకిస్తా, తొందరగా, తొందరగా" అన్నాడు. సాయన్న చూసుకునేలోపు రైలు కదిలింది. పైసలు కిందికి, చాకు పైకి. గద్వాల చేరేసరికి చాకుకు దొర తోడయ్యాడు, ఆ తర్వాత ఏటికొక ముక్క చొప్పున మిగతా కథ పెరిగింది.

ఇప్పుడు సూది తెప్పిస్తే? చుట్టూ రెండువందల కళ్లు.

"దొర చేత్తో ఇచ్చిన చాకుకు వాత పెట్టాలెనా? విన్నరా వీని మాట!" అన్నాడు సాయన్న.

అంతే. సంత గుత్తేదారు ఆశన్న కర్ర పట్టుకుని వచ్చాడు. "దొంగ సరుకు మా సంతల వద్దు. లే. మళ్ల గీడ కనిపిస్తే మంచిగుండదు." గోనె అంచు పట్టి ఒకడు లాగితే చాకులు మట్టిలో పడ్డాయి. దానియేలు వంగి ఒక్కొక్కటి ఏరుకున్నాడు, ఒక్కొక్కటి పైపంచెతో తుడుచుకున్నాడు. ఆయన పోయేదాకా ఎవరో వెనక నుంచి కొంగలా కూశారు.

నెల తిరగకముందే రామచంద్రయ్య సాయన్న ఇంటికి వచ్చాడు. కచ్చేరీ ముందు చాప వేసుకుని అర్జీలు రాసే మనిషి, ఉర్దూ తెలిసినవాడు.

"ఈ చీటీ సంతల తొక్కుళ్ల దొరికింది, సాయన్నా. సదివిన. కొంగ మార్కు చాకులు డజను, సీమ సరుకు, సుంకం ముట్టింది అని ఉంది. నాకా ముద్ర, దస్కతు అన్ని సరిగున్నయి."

"చీటీలు ఎవడైన రాస్తడు."

"చీటీలు రాసెటోన్ని నేను. నాకు జెప్తవా?" అని రామచంద్రయ్య గొంతు తగ్గించాడు. "శ్రీరంగాపూర్ జాతరల గూడ వాన్ని కూసోనియ్యలేదంట. ఒంటికాలి కొంగోడు అంటున్నరంట. నీ మాట నీ కన్న ముందు పోతుంది, సాయన్నా."

ఆయన పోయాక చీటీ సాయన్న చేతిలో మిగిలింది. అందులో ఒక్క అక్షరం కూడా తెలియదు. అయినా దాని వంక చూడలేకపోయాడు.

ఆయన భార్య రుక్కమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. సాయన్న వెళ్లి సూది ఒకటి నిప్పుల్లో పెట్టాడు. ఎర్రబడ్డాక చాకు పిడికి, కొనన, కనిపించని చోట ఆనించాడు. సూది వెన్నలోకి దిగినట్టు దిగింది. వెంట్రుక వాసన రాలేదు.

రుక్కమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఏందయ్యా, పొద్దుగాల్నే హారతి ఇస్తున్నవా? కర్పూరం వాసనొస్తుంది."

అది కొమ్ము కాదు, దువ్వెనలు చేసే కచకడ అనే చౌక సరుకు. కర్పూరం కలిపి వండేది. సాయన్న సూది పక్కన పడేశాడు. పొయ్యి పక్కనే కూలబడ్డాడు.

"దొర లేడే," అన్నాడు.

"ఎరుకనే," అంది రుక్కమ్మ రొట్టె తిప్పుతూ. "గాజులు తెస్తనని పోయి చాకు తెచ్చినవు. చాకు దొర ఊకెనే ఇచ్చింటే నా గాజులు రావాలె కదా."

పదేళ్లు ఆమె ఒక్క మాట అనలేదు. ఆ సంగతి ఆయనకు చాకు కన్నా లోతుగా దిగింది.

మూడు రోజులు ఆయన మగ్గం మీద కూచున్నాడు కానీ చీర సాగలేదు. చాకును బావిలో వేసి ఊరుకుంటే? ఎవరికి తెలుస్తుంది? రామచంద్రయ్య బయటికి అనడు. రుక్కమ్మ అననే అనదు. కానీ కళ్లు మూస్తే మట్టిలోంచి చాకు ఏరి తుడుచుకుంటున్న చెయ్యి కనిపించేది. ఆ పద్నాలుగు మంది జేబులు కనిపించేవి. అంతకన్నా, తను వద్దన్నందుకు మంచి చాకు వెనక్కిచ్చి, దొంగ చాకు కొని, తనకే దండం పెట్టి పోయినవాళ్లు కనిపించేవారు. నాలుగో రోజు రైలెక్కి అలంపూర్ రోడ్డు స్టేషన్లో దిగాడు.

దానియేలు ఇంట్లో లేడు. బాట పక్కన కంకర కొడుతున్నాడని ఎవరో చెప్పారు. వెళ్లి చూస్తే నిజమే. ఎండలో కాళ్ల మధ్య రాయి పెట్టుకుని సుత్తితో కొడుతున్నాడు. సాయన్నను చూశాడు. సుత్తి ఆపలేదు.

"చాకులు?" అన్నాడు సాయన్న.

"ఇంట్ల ఉన్నయి. మా ఆమె కడియాలు అమ్మి తెచ్చిన సరుకు అది. ఏ సంతల కూసోనిస్తరు? నీ మాట కృష్ణకు ఈదిక్కు ఆదిక్కు పాకింది."

"తప్పయింది, దానియేలూ. నాదే దొంగ చాకు. సూది పెట్టి చూసిన."

సుత్తి ఆగింది. దానియేలు నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"మంచిది. గీడ ఎవరున్నరు, పెద్దయ్యా, వినెటందుకు? రాళ్లున్నయి. నువ్వు సంతల అన్నవు. సంతల్నే అను."

"అందరి ముందటనా?"

"అందరి ముందటనే కదా నవ్విచ్చినవు."

తరువాతి సంతకు దానియేలు వచ్చాడు. దూరంగా, గుత్తేదారు కర్రకు అందనంత దూరంలో, సంచి చంకన పెట్టుకుని నిలబడ్డాడు. సాయన్న మిరపకాయ బజ్జీల పొయ్యి పక్కన ఉన్న బండరాయి ఎక్కాడు. ఆయన రాయి ఎక్కితే చాలు, కథ వస్తుందని జనం మూగేవారు. మూగారు.

"ఇనుండ్రి. నా చాకు దొంగది. దానియేలువే అసలియి."

ఒక క్షణం ఆగి జనం విరగబడి నవ్వారు.

"తాత ఇయ్యాల కొత్తది ఎత్తుకున్నడు!"

"దొర లేడు," అన్నాడు సాయన్న. "కాచిగూడల రైలు కిటికీ కాడ కొన్న."

"దొరసాని?"

"లేదు."

"అద్దం?"

"లేదు!"

"మొసలన్న ఉందా తాతా, దాన్ని గూడ సంపినవా?"

నవ్వు ఆగలేదు. కడుపులు పట్టుకుంటున్నారు. దొర అబద్ధాన్ని పదేళ్లు నమ్మినవాళ్లు, ఒక్క నిజం చెబితే కథ అనుకుని చప్పట్లు కొడుతున్నారు. దూరంగా దానియేలు సంచి సర్దుకుని వెనక్కి తిరగడం కనిపించింది.

సాయన్న రాయి దిగి, చాకు తీసి, పిడి వైపు బజ్జీల పొయ్యిలోకి పెట్టాడు.

భగ్గుమంది. పిడి పసుపుపచ్చ మంటతో, హారతి పళ్లెంలో కర్పూరం బిళ్ల అంటుకున్నట్టు ఒక్క గుక్కలో అంటుకుంది. సాయన్న వేళ్లు చురుక్కుమన్నా వదలలేదు, మంట అందరికీ కనిపించేదాకా పైకెత్తి పట్టుకున్నాడు. ఆ తర్వాత అలుగూ, పిడి లోపలి వంకర తిరిగిన రేకులూ కింద పడ్డాయి. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"దీని పక్కన పెట్టి మీ చాకులు జూసిన. దీన్ని మాత్రం ఎన్నడు జూస్కోలే," అన్నాడు సాయన్న. తల ఎత్తలేకపోయాడు. "ఇంకోటి. కొంగ కాలు వండుకున్నవా అన్న. అది చాకును అన్న మాట కాదు. మనిషిని అన్న. దానికి సూది గూడ అక్కర లేకుండె, తప్పని నాకు అప్పుడే ఎరుక. మీరు నవ్వుతున్నరని అన్న."

ముందుగా తిట్టింది సంతలో మేకలమ్మే సాయబు. "నా చేతిల ఉన్న మంచి చాకు పారేయమంటివి కద, ముసలోడా!" ఆ వెంటే ఇంకొకడు, అల్లునికి కానుకగా ఇచ్చిన చాకు సంగతేమిటని. బజ్జీల పొయ్యి దగ్గర సూదులు కాలాయి. ఒక్కొక్కరూ తమ పిడికి పెట్టుకుని చూసుకున్నారు. ఒక్కో వాసనకూ ఒక్కో తిట్టు. సాయన్న అక్కడే నిలబడి అన్నీ విన్నాడు. పద్నాలుగు మందిలో ఆ రోజు సంతకు వచ్చినవాళ్లు తొమ్మిది మంది. తొమ్మిది చాకులూ కర్పూరమే.

ఆశన్న కర్ర కింద పెట్టి దానియేలును పిలిచాడు. "రా, కూసో. నీ ఇష్టమున్న కాడ కూసో."

దానియేలు గోనె పరిచాడు. జనం మూగి, అలవాటు కొద్దీ ఒకడు తన పాత చాకు తీసి పక్కన పెట్టబోయాడు. దానియేలు దాన్ని పక్కకు తోశాడు.

"ఇంకోదాని పక్కన పెట్టి జూడకుండ్రి. దీన్నే జూడండ్రి. తెరువు. గట్టిగ ఉందా? ముడువు. టక్కుమన్నదా? వదులుగ కిందికి జారితే లోపల అలుగును పట్టే కమాను మంచిది కాదు. అలుగు రెండు రేకుల నడుమ నిలబడ్డదా, ఒకదిక్కు రాసుకుంటుందా? పిడికి కొట్టిన మేకు మీద గోరుతోని రుద్దు. గోరు తట్టుకోవద్దు. కొంగ మీద బొటనేలు పెట్టు. బొమ్మ లోపలికి దిగి ఉండాలె, పైన గీసినట్టు ఉండొద్దు. తొందరేం లేదు. తొందర పెట్టెటోని కాడ కొనకుండ్రి, నా కాడ గూడ."

ఆఖరి మాటకు సాయన్నకు చెవులు కాలాయి. రైలు కిటికీ గుర్తొచ్చింది.

జనం పలచబడ్డాక ఆయన వెళ్లి గోనె ముందు కూచున్నాడు. చాకులు ఇంకా మూడు మిగిలాయి.

"నాకొకటి ఇయ్యి, దానియేలూ. ఎంతంటే అంత."

"నీకు అమ్మను, పెద్దయ్యా."

"ఇంక కోపముందా?"

"ఉంది. ఎందుకుండదు? గని అమ్మనిది దానికి కాదు." దానియేలు చాకులు గుడ్డలో చుడుతున్నాడు. "నా చాకు నీ చేతిల ఉంటే మళ్ల అదొక నమూనా అయితది. సాయన్న కాడ ఉంది, కాబట్టి మంచిది అంటరు. నీ మాట మీద నన్ను నమ్ముతరు. వద్దు. జనాన్ని చాకును జూసి నమ్మనియ్యి."

సాయన్న లేచి ఇంటిదారి పట్టాడు. దారిలో ఇద్దరు ముగ్గురు ఎదురయ్యారు, కానీ ఎవరూ కథ అడగలేదు.

రుక్కమ్మ గడపలో కూచుని పట్టుపోగు కండెలకు చుడుతోంది. కాలిన వేళ్ల వంక చూసి లేచి, వెన్నపూస తెచ్చి రాసింది.

"ఏమన్నడు దానియేలు?"

మామూలుగా అయితే సంత నుంచి ఇంటికొచ్చేలోపు సంగతికి కాళ్లూ చేతులూ మొలిచేవి. దానియేలు కౌగిలించుకునేవాడు, ఆశన్న పూలదండ వేసేవాడు, కృష్ణ ఒడ్డున మొసళ్లు కూడా కళ్లు తుడుచుకునేవి.

"చాకు అమ్మనన్నడు," అన్నాడు సాయన్న.

రుక్కమ్మ ఇంకేదో వస్తుందని కాసేపు ఆయన ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. ఏమీ రాలేదు.